వెనుక హీటరు: దొంగ ఊట

చెరువులో నీరు తగ్గితే రైతు రెండు ప్రశ్నలు వేసుకుంటాడు. ఎండకు ఇగిరిపోయిందా, లేక ఎక్కడైనా గండి పడిందా అని. ఎండకాలం కానప్పుడు మొదటి ప్రశ్న నిలువదు. అప్పుడతడు గట్టు వెంట నడుస్తాడు. తడి ఎక్కడ ఉన్నదో, గడ్డి ఎక్కడ వేళకాని వేళ పచ్చగా ఉన్నదో చూస్తాడు. అంతేకాని, మరికొంత నీరు చెరువులోకి వదలి ఊరకే ఇంటికి పోడు. మోటారు బండి విషయంలో మాత్రం మనలో చాలామందికి ఆ రైతుకున్న ఓర్పు ఉండదు. ఇంజనును చల్లబరిచే నీరు తగ్గినట్లు కనిపించగానే ఒక సీసాడు పోసి మూత బిగిస్తాము. పదిరోజుల తరువాత మళ్ళీ పోస్తాము. పోసినది ఎక్కడికి పోయిందని అడగము.

వెనుకటి రోజులలో ఈ అలవాటుకు కొంత అర్థముండేది. పాత అంబాసిడరు కార్లలో వేడెక్కిన నీరు మూత దగ్గరి సన్నని గొట్టం గుండా బయటకు పోయేది. డ్రైవరు డిక్కీలో నీళ్ళ డబ్బా పెట్టుకొని బయలుదేరేవాడు. నేటి బండ్లలో ఆ ఏర్పాటు మారింది. వేడికి పొంగిన ద్రవం పక్కనున్న డబ్బాలో నిలిచి, ఇంజను చల్లారగానే తిరిగి లోపలికే వస్తుంది. అంతా మూసిన వలయం. మూసిన వలయంలో మట్టం దిగుతూ ఉన్నదంటే ఎక్కడో రంధ్రమున్నదని అర్థం. ఆ రంధ్రం ఇంజను దగ్గరే ఉండనక్కరలేదు. బండి వెనుక సీటు క్రింద, ఎవరూ తొంగిచూడని మూలనైనా ఉండవచ్చు. ఈనాటి ప్రసంగం ఆ మూలను గురించి.

వెనుక హీటరు అనే వస్తువు ఆంధ్ర, తెలంగాణలలో బండ్లు నడిపేవారికి అంతగా పరిచయం లేనిది. మనకు కావలసింది చల్లగాలి గాని వేడిగాలి కాదు. అయితే మన కుటుంబాలు నేడు మిషిగన్, మిన్నెసోటా, ఇల్లినాయి వంటి ఉత్తర అమెరికా రాష్ట్రాలలోను, కెనడాలోను వేలకొలది స్థిరపడి ఉన్నవి. అక్కడ పిల్లలతో, తల్లిదండ్రులతో కలిసి తిరగడానికి మూడు వరుసల సీట్లుండే వ్యానులు కొనుక్కుంటారు. శీతకాలపు రాత్రి బయట సున్నకు ఇరవై డిగ్రీలు క్రింద ఉన్నప్పుడు, ముందున్న హీటరు వేడి మూడవ వరుసకు చేరదు. అందుకే అటువంటి బండ్లలో చాలావాటికి వెనుక మరొక హీటరు అమర్చుతారు. చంటిబిడ్డలూ, వృద్ధులూ సాధారణంగా కూర్చునేది వెనుకనే గనుక, ఈ చిన్న యంత్రం బాగోగులు తెలుసుకోవడం అక్కడి గృహస్థులకు అవసరమే.

అసలీ వేడి ఎక్కడిది? ఇంజనులో మండిన పెట్రోలు శక్తి అంతా చక్రాలకు చేరదు. స్థూలంగా చెప్పాలంటే మూడింట ఒక పాలు పొగగొట్టం గుండా పోతుంది. మరొక పాలు ఇంజను చుట్టూ తిరిగే ద్రవంలోకి చేరుతుంది. ఈ ద్రవాన్నే కూలెంటు అంటున్నాము. ముందుభాగంలోని రేడియేటరు ఈ వేడిని గాలిలో కలిపివేస్తుంది. హీటరు కూడా ఒక చిన్న రేడియేటరే. వేడి ద్రవం దానిలోని సన్నని గొట్టాల గుండా పారుతుంది. చిన్న ఫంకా ఆ గొట్టాల మీదుగా గాలిని తోస్తుంది. పారవేయవలసిన వేడి ప్రయాణికులకు సుఖమై తిరిగి వస్తుంది. 1938 మోడలు కార్లలో అమెరికాలోని నాష్ కంపెనీవారు బయటి గాలిని లోనికి తీసుకొని, వేడినీటి గొట్టాలమీదుగా పంపే హీటరును ప్రవేశపెట్టారు. నేటి హీటర్లలో చాలావాటిలోను ఆ సూత్రమే కనిపిస్తుంది.

వెనుక హీటరుకు చక్కని ఉదాహరణ ఫోక్స్‌వాగన్ వ్యాను. 1950లో తయారీ ఆరంభమైన ఈ బండిలో ఇంజను వెనుక ఉండేది. మొదట్లో ఆ ఇంజనును గాలితోనే చల్లబరిచేవారు. లోపలికి వచ్చే వెచ్చదనం పొగగొట్టాల చుట్టూ తిరిగిన గాలినుండి వచ్చేది. దానిలో కారడానికి నీరే లేదు. అమెరికాలో వానగన్ అనే పేరుతో అమ్మిన ఆ వ్యానుకు 1983 మోడలు నుండి పెట్రోలు ఇంజనులోను నీటితో చల్లబరిచే పద్ధతి వచ్చింది. ఇంజను వెనుక, రేడియేటరు ముందు. రెండింటికీ మధ్య బండి పొడవునా గొట్టాలు. వెనుక సీటు క్రింద ఒక హీటరు, దానికి చేతితో త్రిప్పే వాల్వు. ఈ బండి మొత్తంలో తిరిగే ద్రవం పదహారు లీటర్లకు పైబడి ఉంటుంది. గొట్టం ఎంత పొడవైతే అతుకులు అన్ని ఎక్కువ. అతుకులు ఎంత ఎక్కువైతే కారడానికి అవకాశాలు అంత ఎక్కువ.

ఇంజను ముందుండే మూడు వరుసల వ్యానులకూ ఇదే చిక్కు. వాటిలో వెనుక హీటరు సాధారణంగా చివరి సీటు పక్కన, లోపలి రేకుకూ బయటి రేకుకూ మధ్య దాగి ఉంటుంది. ఇంజను దగ్గర టీ ఆకారపు అతుకుతో పాయ చీలుస్తారు. అక్కడినుండి రెండు లోహపు గొట్టాలు బండి అడుగుభాగాన వెనుకదాకా పోతాయి. ఒకటి వేడి ద్రవాన్ని తీసుకొనిపోతుంది, రెండవది తిరిగి తెస్తుంది. రెండు చివరలా రబ్బరు గొట్టాలు, వాటిమీద క్లిప్పులు.

ఈ మార్గంలో కారే చోట్లు ముఖ్యంగా నాలుగు. మొదటిది అడుగున పోయే లోహపు గొట్టం. మంచు దేశాలలో రోడ్డుపై మంచు కరగడానికి ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పునీరు చక్రాలనుండి చిమ్మి అడుగున అంటుకొని, ఉక్కు గొట్టాలను తుప్పుతో తినివేస్తుంది. గొట్టాన్ని పట్టి ఉంచే కొక్కెం దగ్గర తడి ఎక్కువసేపు నిలుస్తుంది గనుక తుప్పు అక్కడే ముందుగా పుడుతుంది. రెండవది టీ అతుకు. అది ప్లాస్టిక్కుతో చేసినదైతే ఏళ్ళ తరబడి వేడికి పెళుసెక్కి పగులుతుంది. మూడవది రబ్బరు గొట్టం చివర. రబ్బరు గట్టిపడి, క్లిప్పు పట్టు తప్పుతుంది. నాలుగవది హీటరు లోపలి సన్నగొట్టాల గూడు. కూలెంటులో తుప్పును అడ్డే ద్రవ్యాలు కొన్నేళ్ళకు తరిగిపోతాయి. అటుపై పాతబడిన ద్రవం లోహాన్ని లోపలినుండి కొరుకుతుంది. వాల్వు ఉన్న బండ్లలో దాని ఇరుసు దగ్గరి ఊటను కూడ ఈ జాబితాలో చేర్చుకోవలె.

ఇక లక్షణాలు. వాసన మొదటిది. కూలెంటు ఆవిరికి పాకం కాచినట్లు తియ్యని వాసన ఉంటుంది. హీటరు వేయగానే వెనుక సీటులోని వారికి ఆ వాసన తగిలితే ఊట లోపలనే ఉన్నదని అనుమానించవలె. రెండవది అద్దం. వెనుక అద్దాలపై పొగమంచు వలె పొర పట్టి, తుడిస్తే జిడ్డుగా తగిలితే అది గ్లైకాల్ ఆవిరి. మూడవది తివాచీ. పైన పొడిగా కనిపించినా, అడుగునున్న దళసరి పొర తడిని పీల్చుకొని ఉండవచ్చు. చేతితో గట్టిగా అదిమి చూడవలె. నాలుగవది వెనుక హీటరు వేడి తగ్గి చల్లగాలి రావడం, గొట్టాలలో నీరు గలగలలాడడం. ద్రవం తగ్గినచోట గాలి చేరినదని ఆ చప్పుడుకు అర్థం.

ఇక్కడ ఒక పొరపాటుకు తావున్నది. పెక్కు వ్యానులలో వెనుక హీటరూ, వెనుక చల్లగాలి యంత్రమూ ఒకే పెట్టెలో ఉంటాయి. చల్లగాలి యంత్రం గాలిలోని తేమను నీరుగా దించి, ఒక సన్నగొట్టం గుండా బండి క్రిందికి వదులుతుంది. ఆ గొట్టంలో చెత్త అడ్డుపడితే నీరు వెనుదిరిగి తివాచీని తడుపుతుంది. అది వేసవి జబ్బు. ఆ నీటికి రంగు లేదు, వాసన లేదు, జిడ్డు లేదు. తెల్లని కాగితాన్ని తడిమీద అద్దితే తేడా తెలుస్తుంది. కూలెంటుకు ఆకుపచ్చ, నారింజ, గులాబి వంటి రంగు కలుపుతారు. కాగితం మీద ఆ ఛాయ పడితే అది హీటరు పని. అంతేగాని, తడిని నాలుకతో రుచి చూసి నిర్ణయించే సాహసం ఎవరూ చేయరాదు. కారణం తరువాత చెబుతాను.

లక్షణాలు అనుమానాన్ని కలిగిస్తాయి. నిర్ధారణకు పరీక్ష కావలె. పరీక్ష క్రమంగా సాగవలె. ఉదయం ఇంజను పూర్తిగా చల్లారి ఉన్నప్పుడు డబ్బాలోని మట్టం వద్ద ఒక గీత గీయండి. ప్రతిరోజూ అదే వేళకు, బండి అదే సమతలం మీద ఉండగా చూడండి. వారం రోజుల లెక్క చేతికి వస్తే ఊట ఎంతటిదో తెలుస్తుంది. చిన్న ఊట అని తీసిపారవేయవద్దు. నిమిషానికి ఇరవై చుక్కలు రాలుతున్నవనుకుందాము. ఇరవై చుక్కలు దాదాపు ఒక మిల్లీలీటరు. గంటకు అరవై మిల్లీలీటర్లు. బండి రోజుకు రెండు గంటలు నడిస్తే నూట ఇరవై. వారానికి ఎనిమిదివందల నలభై. ఇంచుమించు లీటరు! అదంతా ఒక్కచోట పడదు. నడిచే బండి దాన్ని రోడ్డు పొడవునా చల్లుకుంటూ పోతుంది. ఇంటిముందు నేలమీద మచ్చ కనిపించకపోవడానికి కారణమిదే.

రెండవ మెట్టు ఒత్తిడి పరీక్ష. రేడియేటరు మూత స్థానంలో చేతిపంపు గల ఒక పరికరాన్ని బిగించి, లోపల గాలి ఒత్తిడిని మూతమీద అచ్చువేసిన అంకెవరకు పెంచుతారు. అంతకు మించి పెంచరాదు. ముల్లు నిలకడగా ఉంటే వలయం బిగువుగా ఉన్నట్లు. ముల్లు దిగుతూ ఉంటే ఎక్కడో కారుతున్నట్లు. ఇంజను నడవకుండానే, చల్లగా ఉండగానే చేయవచ్చు గనుక ఈ పరీక్ష భద్రమైనది. అప్పుడు చేతిదీపంతో బండి అడుగున గొట్టాల వెంట ముందునుండి వెనుకకు పోవలె. తడి ఉన్నచోటే రంధ్రముందని అనుకోరాదు. కారిన ద్రవం గొట్టం వెంబడి పాకి పల్లంలో చుక్కగా వ్రేలాడుతుంది. తడికి ఎగువన ఏముందో చూడవలె. ఆరిన కూలెంటు అతుకుల వద్ద తెల్లని గాని రంగుగల గాని పొరగా మిగులుతుంది. ఆ పొర మంచి సాక్షి.

అంతటితో తేలకపోతే మూడవ మెట్టు, పాయను వేరుచేయడం. వెనుకకు పోయే రెండు గొట్టాలను ఇంజను దగ్గరే తాత్కాలికంగా మూసి, ఒత్తిడి పరీక్ష మళ్ళీ చేస్తారు. ఇప్పుడు ముల్లు నిలిచిందంటే దోషం వెనుక పాయలోనే ఉన్నది. ఇంకా దిగుతూ ఉంటే వెనుక హీటరు నిర్దోషి. వెతకవలసింది ముందు వైపు. ఒక్క ప్రశ్నకు ఔను, కాదు అని తేల్చే ఇటువంటి పరీక్ష పది ఊహలకంటె మేలు. కూలెంటులో ప్రత్యేకమైన రంగుద్రవ్యం కలిపి, కొద్దిరోజులు నడిపి, అతినీలలోహిత దీపంతో చూసే పద్ధతి కూడ ఉన్నది. ఊట ఉన్నచోట అది పసుపుపచ్చగా వెలుగుతుంది. ఎక్కడా తడి లేకుండానే ద్రవం తరిగిపోతుంటే మాత్రం ఇంజను తలకట్టు గాస్కెట్టును అనుమానించవలె. అప్పుడు మండిన వాయువు కూలెంటులోకి వస్తున్నదేమో రసాయన పరీక్షతో చూస్తారు. పరీక్షానాళికలోని నీలిద్రవం పసుపుగా మారితే అది పెద్ద జబ్బే.

ఒక ఉదాహరణ చెబుతాను. నా మేనల్లుడొకడు మిషిగన్ రాష్ట్రంలో ఉద్యోగం చేస్తున్నాడు. అతని వ్యాను పాతది. ఒక శరదృతువులో కూలెంటు తగ్గడం మొదలైంది. అతడు పంపునీరు పోస్తూ వచ్చాడు. "నీరే గదా మామయ్యా, నీరు పోస్తే తప్పేమిటి?" అని నాతో ఫోనులో అన్నాడు. ఈ ప్రశ్నలోనే చిక్కంతా ఉన్నది. గ్లైకాలూ నీరూ సమపాళ్ళలో కలిపిన ద్రవం సున్నకు దాదాపు ముప్పై ఏడు డిగ్రీలు క్రిందివరకు గడ్డకట్టదు. దానిలో మూడోవంతు కారిపోయి, ఆ స్థానంలో ఉత్తనీరే చేరితే గ్లైకాల్ వాటా మూడోవంతుకు దిగుతుంది. అప్పుడు అది సున్నకు సుమారు పద్దెనిమిది డిగ్రీల క్రిందనే గట్టిపడనారంభిస్తుంది. అటువంటి రాత్రులు మిషిగన్‌లో అరుదు కావు. నీరు గడ్డకట్టినప్పుడు దాదాపు నూటికి తొమ్మిది పాళ్ళు ఉబ్బుతుంది. ఆ ఉబ్బుకు రేడియేటరే కాదు, ఇంజను దిమ్మ కూడ పగలవచ్చు. పోసిన నీరు ఊటను పూడ్చలేదు సరిగదా, మరొక ప్రమాదాన్ని లోపలికి తెచ్చింది.

నా మాటను బట్టి అతడు ద్రవం బలాన్ని కొలిపించాడు. నేను చెప్పిన లెక్కకు దగ్గరగానే పలచబడి ఉన్నది. అక్కడి మెకానిక్కు ఒత్తిడి పరీక్ష చేసి, వెనుక పాయను మూసి, ముల్లు నిలిచిందని చూపాడు. బండిని పైకెత్తి చూస్తే, వెనుక చక్రం ముందున్న కొక్కెం దగ్గర ఉక్కు గొట్టం తుప్పుతో జల్లెడ అయి ఉన్నది. మూడవ వరుసలో అతని ఇద్దరు పిల్లలు రోజూ బడికి వెళ్ళివస్తారు. వెనుక హీటరును మూసివేస్తే చవుక. గొట్టాలు మార్పిస్తే ఖర్చు. శీతకాలం ముందు నిలిచి ఉన్నది. అతడు గొట్టాలు మార్పించాడు. పిల్లలు లేనివాడైతే, సరకులకే వ్యాను వాడేవాడైతే, మూసివేయడమూ సరైన నిర్ణయమే అయి ఉండేది.

ఇక మరమ్మతు. అన్నింటికంటె ముందు ఒక హెచ్చరిక. ఇంజను వేడిగా ఉన్నప్పుడు మూత విప్పరాదు. లోపల సుమారు ఒక వాతావరణపు అదనపు ఒత్తిడి ఉంటుంది. ఆ ఒత్తిడిలో ఉత్తనీరు కూడ నూట ఇరవై డిగ్రీల వరకు మరగదు. మూత విప్పిన క్షణంలో ఒత్తిడి పోతుంది. నూరు డిగ్రీలకు మించిన ద్రవం ఒక్కసారి ఆవిరై ముఖానికి ఎగచిమ్ముతుంది. పైగొట్టాన్ని చేతితో ముట్టుకోగలిగినంత చల్లారేవరకు ఆగవలె. బండి క్రిందికి వెళ్ళవలసివస్తే జాకీ ఒక్కదానిమీద నమ్మకం పెట్టరాదు. గట్టి ఊతలు పెట్టి, చక్రాలకు అడ్డులు వేయవలె.

దారిలో చిక్కుకున్నవానికి తాత్కాలిక ఉపాయం ఉన్నది. అది వెనుక పాయను తప్పించడం. ఇక్కడ బండి ఏర్పాటు తెలియవలె. ముందు హీటరూ, వెనుక హీటరూ టీ అతుకులతో చీలిన రెండు పాయలైతే, వెనుక పాయ మూలాన్ని రెండు చోట్లా బిరడాలతో మూసినా మిగిలిన వలయం ఆగదు. అలాకాక ద్రవం ఒక హీటరు గుండా పోయి, తరువాత రెండవదానిలోకి పోయే ఏర్పాటైతే, మూయడంతో ప్రవాహమే నిలిచిపోతుంది. అప్పుడు వచ్చే గొట్టాన్నీ, పోయే గొట్టాన్నీ సరియైన వ్యాసం గల లోహపు ముక్కతో ఒకదానికొకటి కలిపి క్లిప్పులు బిగించవలె. ఏ ఏర్పాటో తెలియనప్పుడు కలపడమే క్షేమం. వెనుక వేడి ఉండదు గాని ఇంజను బ్రతుకుతుంది, ఇల్లు చేరవచ్చు.

శాశ్వతమైన చికిత్స దోషాన్ని బట్టి ఉంటుంది. రబ్బరు గొట్టం చివర కారితే క్లిప్పును మరింత బిగించి ఊరుకోరాదు. గట్టిపడిన చివరను కోసివేసేటంత పొడవు మిగిలితే కోసి, లేకుంటే గొట్టాన్నే మార్చి, క్రొత్త క్లిప్పు వేయవలె. టీ పగిలితే దానికి జిగురు పనికిరాదు. అదే కొలతగల ఇత్తడి టీ దొరికితే మరింత మన్నిక. ఉక్కు గొట్టం ఒకచోట తుప్పు పట్టిందంటే మిగిలిన పొడవు కూడ అదే వయస్సుది. చిల్లు పడిన ముక్కను కోసి రబ్బరుతో అతకవచ్చు గాని, అతుకు పక్కనే మరొక చిల్లు రేపు పుడుతుంది. రెండు గొట్టాలనూ కలిపి మార్చడమే పొదుపు. హీటరు గూడే చెడితే సంగతి వేరు. వెనుకటి ఇత్తడి, రాగి గూళ్ళకు మాటు వేసేవారు. నేటి అల్యూమినియం గూటికి మన వీధి మాటు అంటదు, మార్చవలసిందే. గూటిని తీసేటప్పుడు ముందుగా సీటూ, లోపలి పలకలూ విప్పి, క్రింద పళ్ళెం పెట్టుకోవలె. లోపల నిలిచిన ద్రవం ఎంత వంచినా కొంత చివరికి తివాచీ మీదనే పడుతుంది.

బజారులో సీసాలలో అమ్మే ఊట మూసే మందుల మాట కూడ చెప్పవలె. కూలెంటులో పోస్తే అవి రంధ్రం దగ్గర పేరుకొని మూస్తాయి. నిజమే. అయితే సన్నని రంధ్రం ఏదో, సన్నని గొట్టం ఏదో ఆ మందుకు తెలియదు. హీటరు గూటిలోని గొట్టాలు వలయం మొత్తంలో మిక్కిలి సన్ననివి. మందు ఎక్కువైతే ముందుగా మూసుకొనిపోయేవి అవే. ఊట ఆగిందని సంతోషించేలోపల ముందు హీటరు కూడ చల్లగాలి ఇవ్వసాగుతుంది. అడవిలో చిక్కుకుంటే వాడవచ్చు గాని, ఊళ్ళో ఉండి వాడదగినది కాదు.

మరమ్మతు అయిన తరువాత ద్రవం నింపడం కూడ ఒక విద్యే. బండి పుస్తకంలో చెప్పిన రకం కూలెంటునే వాడవలె. రంగు ఒకటైనంత మాత్రాన రకం ఒకటి కాదు. కలిపేనీరు స్వేదనజలమైతే గొట్టాలలో పొర కట్టదు. ముందు, వెనుక హీటర్ల మీటలను పూర్తి వేడి వైపు త్రిప్పి, వాల్వులున్నచోట తెరిచి, గరాటుతో నెమ్మదిగా పోయవలె. పొడవైన గొట్టాలలో గాలి బుడగ చిక్కుకుంటే ద్రవం దాన్ని దాటిపోలేదు. వెనుక హీటరు చల్లగానే ఉంటుంది. ఇంజను మాత్రం వేడెక్కిపోతుంది. మరమ్మతు చెడిందని అందరూ అనుకుంటారు. నిజానికి చెడింది గాలి వల్ల. వానగన్ వ్యానులో దీనికోసం బండి ముందుభాగాన్ని పైకెత్తి, ఇంజనును కాస్త జోరుగా నడుపుతూ, రేడియేటరు పైనున్న మరను విప్పి, బుడగలు లేని ధార వచ్చేవరకు గాలిని వెళ్ళగొడతారు. ఇతర బండ్లకు వాటి వాటి పద్ధతులున్నవి. గాలి పోయి, ఇంజను వేడెక్కి, ఫంకా ఒకసారి తిరిగి ఆగిన తరువాత, వెనుక హీటరు గాలి ముందుదానితో సమంగా వెచ్చగా వస్తే పని పూర్తి అయినట్లు. మరునాడు చల్లారిన ఇంజనులో మట్టం మళ్ళీ చూడవలె; ఒత్తిడి పరీక్ష మరొకసారి చేయించవలె. గీత దగ్గర వారంపాటు మట్టం నిలిస్తేనే గండి పూడినట్లు.

చివరిగా, రుచి చూడవద్దని ముందు చెప్పిన మాటకు కారణం. ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది. ఆ తీపే దాని ప్రమాదం. శరీరంలో అది మార్పులు చెంది ఆక్సాలేటు అవుతుంది. ఆ ఆక్సాలేటు కాల్షియంతో కలిసి స్ఫటికాలై మూత్రపిండాలను చెరుస్తుంది. కొద్దిపాటి పరిమాణమే పసిపిల్లల ప్రాణానికీ, కుక్క, పిల్లి వంటి జంతువుల ప్రాణానికీ ముప్పు. ఎవరైనా మ్రింగినట్లు అనుమానం వచ్చినా, లక్షణాలకోసం ఎదురుచూడక వెంటనే ఆస్పత్రికి తీసుకొనిపోవలె. విరుగుడు మందు ఉన్నది గాని, అది ఆలస్యాన్ని సహించదు. కనుక తీసిన ద్రవాన్ని తెరచిన పళ్ళెంలో వదలరాదు; మురుగుకాలువలో పోయరాదు; తాగునీటి సీసాలో ఎన్నడూ నింపరాదు. పేరు వ్రాసిన మూత డబ్బాలో పెట్టి, పాత కూలెంటు తీసుకొనే చోట అప్పగించవలె. వెనుక సీటు దగ్గర తడిసిన తివాచీని కూడ ఎండబెట్టి ఊరుకోక, పైకెత్తి, వేడినీటితో కడిగి, అడుగుపొర మిక్కిలి తడిసి ఉంటే దాన్ని మార్చవలె. నేలమీద ప్రాకే బిడ్డ చేయి తగిలే చోటు అది.

హీటరు అవసరం లేని మన ప్రాంతాలలో కూడ ఈ ప్రసంగంలోని ఒక మాట పనికివస్తుంది. మన బండ్లలోను కూలెంటు తిరుగుతున్నది. మన ఎండలలో దాని పని మరింత బరువు. సంవత్సరంలో ఒకసారైనా ఇంజను చల్లగా ఉన్నప్పుడు మట్టం చూసి, గీత పెట్టి, వారం తరువాత మళ్ళీ చూడండి. మట్టం దిగితే సీసా వెతకడానికి ముందు తడి వెతకండి.